నిండుగానే ఇంటికి వెళ్తున్న నీళ్ల బాటిళ్లు: ఒక ప్రాథమిక పాఠశాల మరుగుదొడ్ల కేస్ స్టడీ

నేను బడుల్లో తాగునీరు, మరుగుదొడ్లు, చేతుల శుభ్రత మీద పనిచేస్తాను. ఇది ఒక ప్రాథమిక పాఠశాలలో దాదాపు ఏడాది పాటు దగ్గరుండి చూసిన కేసు. బడిని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. పిల్లల సంఖ్య, వయసులు కొద్దిగా మార్చాను. ఇక్కడ మరుగుదొడ్లు లేకపోవడం సమస్య కాదు, అందుకే ఇది రాయాలనిపించింది. లెక్క ప్రకారం కావలసినన్ని ఉన్నాయి, నీళ్ల ట్యాంకు ఉంది, శుభ్రం చేసే మనిషి ఉంది. అయినా పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుని కూర్చునేవాళ్లు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. అందులో మొదటి నెలంతా నేను తప్పు దారిలోనే వెళ్లాను.

బడి ఎలా ఉండేది

ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఉన్న బడి. 220 మంది పిల్లలు, అందులో సగం మంది ఆడపిల్లలు. ఆడపిల్లల వైపు 5 మరుగుదొడ్లు, మగపిల్లల వైపు 3 మరుగుదొడ్లు, వాటి పక్కనే మూత్రశాల. పాఠశాలల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 25 మంది ఆడపిల్లలకు ఒక మరుగుదొడ్డి, 50 మంది మగపిల్లలకు ఒక మరుగుదొడ్డి, ఒక యూరినల్ ఉండాలని, టీచర్లకు వేరుగా ఉండాలని ఉంది. పిల్లల వరకు ఆ లెక్క ఇక్కడ సరిగ్గా సరిపోయింది. పైన 1000 లీటర్ల ట్యాంకు. చేతులు కడుక్కునే కుళాయిలు మాత్రం మరుగుదొడ్ల దగ్గర కాకుండా బడికి అటు చివర, తాగునీళ్ల పక్కన ఉండేవి. ఒక ఆయమ్మ. గదులు తెరవడం, ఊడవడం, గంట కొట్టడం, మరుగుదొడ్లు కడగడం అన్నీ ఆవిడే.

కేసు నా దగ్గరికి ఎలా వచ్చింది

రెండో తరగతి టీచర్ ఫోన్ చేశారు. "మేడమ్, పిల్లలు పొద్దున నింపుకొచ్చిన బాటిల్ సాయంత్రం అలాగే తీసుకెళ్తున్నారు. తాగమంటే దాహం లేదంటారు. ఆటల పీరియడ్ తర్వాత కూడా లేదంటారు. ఇది మామూలు కాదనిపిస్తోంది" అన్నారు. ఆవిడ తరగతిలోనే ఏడేళ్ల పాప ఒకరికి కొద్ది నెలల్లో రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండోసారి చూపించినప్పుడు డాక్టర్ వాళ్లమ్మను ఒక ప్రశ్న అడిగారట: "పాప బడిలో ఒకటికి వెళ్తుందా?" ఆ తల్లి అదే ప్రశ్న తెచ్చి టీచర్‌ను అడిగింది. టీచర్‌కు జవాబు తెలియలేదు. తెలియదని ఒప్పుకుని నాకు ఫోన్ చేయడం వల్లే ఈ కేసు మొదలైంది.

ఆ డాక్టర్ ప్రశ్న వెనక ఉన్న సంగతి ఇది. మూత్రం గంటల తరబడి ఆపుకుంటే మూత్రాశయంలో నిలిచిపోయి సూక్ష్మక్రిములు పెరగడానికి వీలవుతుంది. ఆడపిల్లల్లో మూత్రమార్గం పొట్టిగా ఉంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. వెళ్లాల్సి వస్తుందన్న భయంతో పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. నీళ్లు తక్కువైతే మలం గట్టిపడుతుంది. గట్టిపడ్డ మలం మూత్రాశయాన్ని ఒత్తుతుంది, దాంతో వెళ్లినప్పుడు కూడా మూత్రం పూర్తిగా పోదు. ఇలా ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. కడుపునొప్పి అని ఇంటికి వెళ్లిపోయే పిల్లల్లో, మధ్యాహ్నం తర్వాత పాఠం మీద మనసు పెట్టలేని పిల్లల్లో కొందరి కథ ఇదే.

మొదటి నెల: నేను ఎక్కడ తప్పాను

మొదటి రోజు పదకొండు గంటలకు హెడ్మాస్టర్ గారితో కలిసి మరుగుదొడ్లు చూశాను. పిల్లలంతా తరగతుల్లో ఉన్నారు. నేను వస్తున్నానని ముందే తెలుసు కాబట్టి నేల తడిగా, శుభ్రంగా ఉంది. ఫినాయిల్ వాసన వస్తోంది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చాయి. రెండు తలుపులకు తాళాలున్నాయి, "అవి టీచర్లవి, సామాన్లవి" అన్నారు. నా ఫారంలో అన్నీ 'ఉంది', 'ఉంది' అని రాసుకున్నాను.

అన్నీ ఉన్నప్పుడు పిల్లలు వెళ్లకపోతే లోపం అలవాటులోనే అని తేల్చేశాను. ఆ క్షణంలో నా ఆలోచన అంతే. అందుకని అలవాటు మీద పనిచేశాను. మూడు తరగతుల్లో పాఠాలు చెప్పాను, చేతులు కడుక్కోవడం చేసి చూపించాను, బొమ్మల పోస్టర్లు అంటించాం, కుళాయిల దగ్గర డజను సబ్బులు పెట్టించాను. పిల్లలు చక్కగా విన్నారు, అడిగితే అన్నీ అప్పజెప్పారు. రెండు వారాల తర్వాత కూడా బాటిళ్లు నిండుగానే ఇంటికి వెళ్తున్నాయి. సబ్బులు వారంలో అయిపోయాయి. "ఎవరో ఎత్తుకెళ్తున్నారు" అని కొనడం ఆపేశారు.

తర్వాత హెడ్మాస్టర్ గారు పిల్లల శుభ్రత కమిటీ పెడదామన్నారు. వంతులవారీగా పిల్లలే మరుగుదొడ్లు చూసుకుంటే మనది అనే భావన వస్తుందని నేనూ సరేనన్నాను. పది రోజుల తర్వాత వెళ్తే, పాఠం జరుగుతున్న సమయంలో మూడో తరగతి బాబు ఒక్కడే బకెట్ మోసుకుంటూ కనిపించాడు. ఏమైంది నాన్నా అంటే "హోంవర్క్ చేయలేదు అక్కా" అన్నాడు. వంతుల పుస్తకం తెప్పించి చూశాను. నెలకు సరిపడా పేర్లు ఉండాల్సిన చోట నాలుగు పేర్లే మళ్లీ మళ్లీ ఉన్నాయి. ఆ నలుగురు పిల్లలు ఎవరో, ఎప్పుడూ వాళ్లే ఎందుకో టీచర్లకు నేను విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ రోజే కమిటీ ఆపించాను. ఈ నిర్ణయం దగ్గర ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఏ చోటుకు భయపడి పిల్లలు నీళ్లే మానేశారో ఆ చోటును శిక్షగా మారిస్తే, మేం తగ్గించాలనుకున్న భయాన్ని మేమే పెంచినట్టవుతుంది. పైగా మలంతో నిండిన మరుగుదొడ్డి పాన్ కడగడం చిన్నపిల్లలు చేయాల్సిన పని కానే కాదు. మొక్కలకు నీళ్లు పోయడం లాంటి పనులు వాళ్లకు ఇవ్వొచ్చు, అది వేరు.

కూర్చుని చూసిన రోజు

అప్పటికి నాకు అర్థమైంది, నేను పిల్లలు లేని సమయంలో మరుగుదొడ్లు చూశాను, మరుగుదొడ్లు లేని చోట పిల్లలతో మాట్లాడాను. రెండూ ఒక్కచోట చూడలేదు. చెప్పకుండా ఒక రోజు గేటు తెరవకముందే వెళ్లి, రెండు వైపుల తలుపులూ కనిపించే మెట్టు మీద కూర్చున్నాను. నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.

పొద్దుటి బ్రేక్ 15 నిమిషాలు. ఆ 15 నిమిషాల్లో ఆడపిల్లల వైపు లోపలికి వెళ్లింది 19 మంది. వాళ్లలో చాలామంది జంటగా వచ్చారు. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట నిలబడి తలుపును రెండు చేతులతో లాగి పట్టుకున్నారు. ఒకటో తరగతి పిల్లలు గుమ్మం దాకా వచ్చి, పెద్దపిల్లల గుంపు చూసి వెనక్కి తిరిగారు. మగపిల్లలు సగానికి పైగా గోడ వెనక్కి వెళ్లారు. మధ్యాహ్నం 12 దాటేసరికి కుళాయిలో నీళ్లు రాలేదు. ఆ తర్వాత వెళ్లిన పిల్లలు వెళ్లినట్టే ముక్కు మూసుకుని బయటికొచ్చేశారు.

బడి వదిలాక లోపలికి వెళ్లి తలుపు వేసుకుని పాన్ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆరేళ్ల పాప కళ్లు ఉండే ఎత్తులో ఆ గది ఎలా ఉంటుందో అప్పుడు కనిపించింది. గడియ నా తలకు చాలా పైన ఉంది, చెయ్యి చాపినా అందలేదు. గాలి కోసం పెట్టిన కంత పైకప్పు దగ్గర ఉంది, తలుపు వేస్తే కింద అంతా చీకటి. పాన్ మీద కాళ్లు పెట్టే రెండు మెట్లూ పెద్దవాళ్ల కాళ్ల కొలతకు కట్టినవి, మధ్య దూరం చిన్నపిల్లకు చాలా ఎక్కువ. నీళ్ల బకెట్ పెద్దది. నిండుగా ఉంటే ఆ పాప దాన్ని కదపలేదు, అడుగుకు వెళ్తే మగ్గు అందదు. నేను చదువుకున్న కొలతలన్నీ ఆ గదిలో ఉన్నాయి. అవి ఏ పిల్లకూ సరిపోయే కొలతలు కావు.

మర్నాడు రెండు, మూడు తరగతుల్లో బొమ్మలు వేయించాను. 'మరుగుదొడ్డికి ఎందుకు వెళ్లరు' అని అందరి ముందూ అడిగితే ఏ పిల్లా నిజం చెప్పదు. అందుకని బడిలో నచ్చిన చోటు ఒకటి, భయమేసే చోటు ఒకటి వేయమన్నాను. భయమేసే చోటుగా మరుగుదొడ్డిని వేసినవాళ్లే ఎక్కువ. ఒక పాప పేజీ అంతా నల్లగా నింపి మధ్యలో పెద్ద సున్నా చుట్టింది. ఇదేంటమ్మా అంటే "కన్నం. అందులో పడిపోతాను" అంది. ఇంకో పాప తలుపు వేసి, దాని పక్కన నవ్వుతున్న మొహాలు వేసింది. "గడియ అందదు అక్కా. వాళ్లు తోసేస్తారు." మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిన పాప మాత్రం బొమ్మ వేయకుండా నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "బ్రేక్‌లో లైన్ ఉంటది. క్లాసులో అడిగితే 'ఇప్పుడే కదా బ్రేక్ అయింది' అంటారు."

లెక్క ఎక్కడ తప్పింది

ఆ రాత్రి కూర్చుని వేసుకున్న లెక్క ఈ కేసులో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది.

ఆడపిల్లల వైపు 5 అన్నాం. ఒకటి టీచర్లు వాడుకుంటున్నారు, తాళం వాళ్ల దగ్గర. ఇంకోటి చీపుళ్లు, విరిగిన కుర్చీలతో నిండి ఉంది. మిగిలిన మూడింట్లో ఒకదానికి గడియే లేదు. అంటే తలుపు వేసుకుని వెళ్లగలిగేవి రెండు. ఒక్కో పిల్లకు రెండు నిమిషాలు వేసుకుంటే 15 నిమిషాల్లో ఒక దాంట్లో ఏడుగురు, రెండింట్లో 14 మంది. ఉన్న ఆడపిల్లలు 110 మంది. పోనీ అయిదూ తెరిచి ఉన్నా ఆ బ్రేక్‌లో వెళ్లగలిగేది 35 మందే. 25 మందికి ఒకటి అనే లెక్క పిల్లలు రోజంతా విడతలుగా వెళ్తేనే సరిపోతుంది. అందరినీ ఒకే 15 నిమిషాల్లో వదిలి, మిగతా సమయంలో వెళ్లనివ్వకపోతే ఎన్ని కట్టినా చాలవు. మా బడిలో గోడల కొరత కంటే టైమ్‌టేబుల్ కొరత పెద్దది.

నీళ్లదీ అలాంటిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పగటి బడికి మనిషికి రోజుకు 5 లీటర్లు, అది కాక మగ్గుతో పోసే మరుగుదొడ్డికి 1.5 నుంచి 3 లీటర్లు, కడుక్కోవడానికి 1 నుంచి 2 లీటర్లు కావాలి. 220 మందికి 1650 నుంచి 2200 లీటర్లు. ట్యాంకు 1000 లీటర్లది, పొద్దున ఒక్కసారే నింపుతున్నారు. అది కూడా పూర్తిగా పిల్లలకు అందడం లేదు. రెండు మరుగుదొడ్లలో ఫ్లష్ ట్యాంకులు బిగించి ఉన్నాయి, ఒకదాని వాల్వు చెడిపోయి పొద్దున్నుంచి సన్నగా కారుతూనే ఉంది. 12 గంటలకు కుళాయి ఎండిపోవడానికి కారణం అదే.

ఏది ముందు, ఏది తర్వాత

అన్నీ ఒకేసారి మార్చే వీలు లేదు. హెడ్మాస్టర్ గారు కొత్త ట్యాంకుతో మొదలుపెడదామన్నారు. నేను తలుపులతో మొదలుపెడదామన్నాను. నీళ్లు లేకపోతే పిల్లలు ఇబ్బందిపడుతూనైనా వెళ్తున్నారు. తలుపు పడకపోతే అసలు వెళ్లడం లేదు. భయపడుతూ కూర్చున్న పిల్ల ఒళ్లు బిగబట్టుకుంటుంది, సగంలో లేచి వచ్చేస్తుంది, మూత్రం లోపలే మిగిలిపోతుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన పాపకు అన్నిటికంటే ముందు కావలసింది ఎవరూ తోయలేని తలుపు. పైగా గడియ బిగించడం ఒక్క రోజు పని.

అందులోనూ మొదట పొరపాటు పడ్డాం. పిల్లలకు అందే ఎత్తులో కొత్త బోల్టు గడియలు బిగించాం. అవి గట్టిగా ఉండేవి. మూడో రోజు ఒకటో తరగతి పాప లోపల వేసుకుని తీయలేక ఏడ్చింది. బయటి నుంచి తెరవడానికి దారి లేక, పైనుంచి ఒక అబ్బాయిని దింపాల్సి వచ్చింది. ఆ పాప తర్వాత రెండు వారాలు అటువైపే వెళ్లలేదు. బోల్టులు తీసేసి, తేలికగా తిరిగే కొక్కెం గడియలు పెట్టించాం. తలుపు సందులోంచి స్కేలు పెట్టి ఎత్తితే పెద్దవాళ్లు బయటి నుంచి తీయగలరు. ఆ స్కేలు ఎక్కడుంటుందో టీచర్లందరికీ చూపించాం. పిల్లల చోట పెట్టే గడియ లోపలి నుంచి వేసుకోగలిగేది, బయటి నుంచి తీయగలిగేది అయి ఉండాలని నేను ముందే ఆలోచించి ఉండాల్సింది.

పాన్ మార్చలేం కాబట్టి చిన్నపిల్లల కోసం ఒక మరుగుదొడ్డిలో కాళ్లు పెట్టే మెట్లను సిమెంటుతో దగ్గరికి పెంచాం. గోడకు చేత్తో పట్టుకునే చిన్న కడ్డీ బిగించాం. గోడలకు తెల్ల సున్నం వేయిస్తే చీకటి సగం తగ్గింది. పెద్ద బకెట్ పక్కన చిన్న బకెట్, చిన్న మగ్గు పెట్టించాం.

తాళాల విషయంలో హెడ్మాస్టర్ గారిని తప్పుపట్టలేను. బడి వదిలాక బయటివాళ్లు లోపలికొచ్చి పాడుచేసి పోతున్నారు, పొద్దున్నే అది ఎత్తేది ఆయమ్మ. ఆవిడ బాధ చూడలేకే ఆయన తాళాలు వేయించారు. అందుకని తాళాలు తీసేయమని అడగలేదు, తాళం ఎప్పుడు ఉండాలో మార్చమన్నాను. బడి వదిలాక వేయాలి, మొదటి గంటకు ముందే తీయాలి, తాళంచెవులు ఒకటో తరగతి గుమ్మం పక్క కొక్కానికి ఉండాలి. సామాన్లు ఖాళీ చేయించాం. టీచర్లకు ఒకటి ఉంచి ఆడపిల్లలకు నాలుగు మిగిలాయి.

టైమ్‌టేబుల్ దగ్గర అసలైన వాదన జరిగింది. బ్రేక్‌ను మూడు విడతలు చేద్దామన్నాను: ముందు ఒకటి, రెండు తరగతులు, తర్వాత మూడు, ఆఖర్న నాలుగు, అయిదు. బయట గోలకు మిగతా తరగతుల పాఠం చెడుతుందని టీచర్లు అన్నారు. అది నిజమే. అయినా చిన్నపిల్లలు పెద్దపిల్లలతో ఒకే లైన్లో నిలబడితే వాళ్ల వంతు ఎప్పటికీ రాదని నేను ఆ మెట్టు మీద కూర్చుని చూశాను. నా నోట్‌బుక్‌లోని గీతలు వాళ్ల ముందు పెట్టాక ఒక నెల చేసి చూద్దామని ఒప్పుకున్నారు.

దాంతోపాటు ప్రతి తరగతి గుమ్మం దగ్గర రెండు చెక్క బిళ్లలు తగిలించాం. వెళ్లాల్సిన పిల్ల ఎవరినీ అడగక్కర్లేదు. బిళ్ల తీసుకుని వెళ్లి, తిరిగొచ్చి తగిలించాలి. రెండూ లేకపోతే ఆగాలి. చేయెత్తి, అందరి ముందు 'ఒకటికి' అని అడిగి, కాదనిపించుకునే సిగ్గు లేకుండా చేయడమే దీని ఉద్దేశం. మొదటి మూడు రోజులు పిల్లలు ఆటలా తిరిగారు, టీచర్లకు టెన్షన్ వచ్చింది, బిళ్లలు తీసేద్దామన్నారు. ఇంకో వారం ఆగమని బతిమాలాను. కొత్తదనం పోయాక అవసరమున్నవాళ్లే లేవడం మొదలైంది.

నీళ్లకు కొత్త ట్యాంకు పెట్టలేదు. కారుతున్న ఫ్లష్ కట్టేశాం, రెండోదాన్నీ ఆపేసి అన్నిటినీ మగ్గుతో పోసేవిగా మార్చాం. ఫ్లష్‌కు మనిషికి రోజుకు 10 నుంచి 20 లీటర్లు కావాలని అదే మార్గదర్శకాలు చెబుతాయి, అంత నీరు ఈ బడిలో లేదు. మధ్యాహ్నం ఇంకోసారి మోటారు వేయడం మొదలుపెట్టాక రోజుకు 2000 లీటర్లు అందాయి, సాయంత్రం దాకా కుళాయి ఆగలేదు.

ఆయమ్మ చెప్పినవి

ఇన్ని మీటింగులు పెట్టాం, ఒక్కదానికీ ఆయమ్మను పిలవలేదు. ఆవిడతో ఒక పూటంతా గడిపాక తెలిసింది, ఈ మరుగుదొడ్ల గురించి మా అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలుసని.

ఆవిడ మూత్రశాలలో మొదట యాసిడ్ పోసి, పసుపు మరకలు పోకపోతే దాని మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లింది. క్షణంలో ఘాటు లేచింది. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డుపెట్టుకుని దగ్గుతూ బయటికొచ్చింది, కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. "రోజూ ఇంతేనమ్మా" అంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఆ రోజే యాసిడ్ తీయించేశాం. ముందు నీళ్లు పోసి మూత్రం పూర్తిగా కొట్టుకుపోయేలా చేయడం, తర్వాత డిటర్జెంట్‌తో పొడుగు కర్ర బ్రష్‌తో రుద్దడం, కడిగేశాక ఆఖర్న నీళ్లలో కలిపిన బ్లీచింగ్ ద్రావణం. మూత్రం మీద నేరుగా బ్లీచింగ్ పడినా ఘాటు వాయువులు వస్తాయి, అందుకే మొదట నీళ్లు. చేతికి గ్లవుజులు, కాళ్లకు బూట్లు తెప్పించాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇంకోసారి కడగడానికి వీలుగా ఫైళ్లు మోయడం, గంట కొట్టడం వేరేవాళ్లకు అప్పగించారు. పని పెంచి సమయం ఇవ్వకపోతే ఆ పని జరగదు. ఈ మార్పు కోసం హెడ్మాస్టర్ గారితో నేను గట్టిగానే పట్టుబట్టాను.

సామాన్ల గదిగా మార్చిన మరుగుదొడ్డి నుంచే ఎక్కువ కంపు వచ్చేది. వాడనిది ఎందుకు కంపు కొడుతోందో నాకు తట్టలేదు. ఆయమ్మే చెప్పింది: "వాడకపోతేనే వస్తుందమ్మా. రెండు మగ్గులు పోస్తే తగ్గుతుంది." ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. పాన్ కింద వంపు తిరిగిన గొట్టంలో కొద్దిగా నీళ్లు నిలిచి ఉంటాయి. గుంతలోని వాయువులు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. రోజుల తరబడి వాడకపోతే అవి ఆరిపోయి దారి తెరుచుకుంటుంది.

సబ్బు, చేతులు

సబ్బులు ఎవరూ ఎత్తుకెళ్లలేదు. కుళాయి కింద నీళ్లు నిలిచే గట్టు మీద పెడితే కరిగిపోతున్నాయి, చిన్న చేతుల్లోంచి జారి కాలవలో పడుతున్నాయి. కాలవ పలక ఎత్తిస్తే మెత్తబడ్డ ముక్కలు దొరికాయి. దొంగతనం అని అన్నందుకు టీచర్లు నొచ్చుకున్నారు. సబ్బులు మానేసి సబ్బునీళ్ల బాటిళ్లు పెట్టాం: ఒకటిన్నర లీటరు నీళ్లలో 30 గ్రాముల డిటర్జెంట్ పొడి, మూతకు చిన్న చిల్లు, మెడకు తాడు. బాటిల్ నొక్కితే చుక్కలు పడతాయి, జారిపోదు, ఎండిపోదు.

కుళాయిలు అటు చివర ఉంటే ఇటు నుంచి ఏ పిల్లా అంత దూరం వెళ్లదు. మరుగుదొడ్డి నుంచి తరగతికి వచ్చే దారిలోనే రెండు కుళాయిలు పిల్లల నడుము ఎత్తులో పెట్టించాం, ఆ దారి పొడవునా నేల మీద అడుగుల గుర్తులు, కుళాయి దగ్గర అరచేతుల గుర్తులు రంగుతో వేయించాం. ఇది నా సొంత ఆలోచన కాదు. బంగ్లాదేశ్‌లోని పల్లెటూరి ప్రాథమిక బడుల్లో ఇలా గుర్తులు వేసి చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. పాఠాలేమీ చెప్పకుండానే, మరుగుదొడ్డి వాడాక సబ్బుతో చేతులు కడుక్కునేవాళ్లు 4 శాతం నుంచి మర్నాటికే 68 శాతానికి, ఆరు వారాలకు 74 శాతానికి పెరిగారు. మొదటి నెలలో నేను చెప్పిన పాఠాలు అప్పుడు గుర్తొచ్చాయి. పిల్లలకు తెలియనిదేమీ నేను చెప్పలేదు. వాళ్ల దారిలో కుళాయి లేదు, అంతే. మరుగుదొడ్ల వాడకం పెరిగి చేతులు కడగడం పెరగకపోతే అదింకో ప్రమాదం. పశ్చిమ కెన్యా బడుల్లో మరుగుదొడ్లు కట్టాక కొందరు పిల్లల, ముఖ్యంగా ఆడపిల్లల చేతుల మీద మలం క్రిములు ఇంకా పెరిగినట్టు 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. అందుకే తలుపులు సరిచేసిన నెలలోనే కుళాయిలు పెట్టేయాలని తొందరపెట్టాను.

ఏం మారింది, ఏం మారలేదు

రెండో తరగతి టీచర్ సాయంత్రం బాటిళ్లు ఎత్తి చూసే అలవాటు మానలేదు. మూడో నెలకు చాలా బాటిళ్లు ఖాళీగా వెళ్తున్నాయని చెప్పారు. ఆ పాపకు డాక్టర్ మలబద్ధకానికి కూడా వైద్యం చేశారు, టీచర్ రెండు గంటలకోసారి గుర్తుచేసి పంపేవారు. ఆ ఏడాది మళ్లీ ఇన్ఫెక్షన్ రాలేదని వాళ్లమ్మ చెప్పింది. ఇందులో వైద్యం వాటా ఎంతో, తలుపు వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

మగపిల్లలు గోడ వెనక్కి వెళ్లడం పూర్తిగా ఆగలేదు. మూత్రశాల గట్టు ఒకటో తరగతి పిల్లలకు ఎత్తుగా ఉంది, తగ్గించే పని ఇంకా జరగాలి.

నేను పూర్తిగా మరిచిపోయిన సంగతి ఒకటుంది. అయిదో తరగతి టీచర్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, తన తరగతిలో ఇద్దరు అమ్మాయిలకు నెలసరి మొదలైందని, ఆ రోజుల్లో వాళ్లు బడికి రావడం లేదని చెప్పారు. ప్రాథమిక పాఠశాల కదా అని నేను దాని గురించి ఆలోచించనే లేదు. పది, పదకొండేళ్లకే మొదలయ్యే పిల్లలుంటారు. టీచర్ల మరుగుదొడ్డిలో మూత ఉన్న చెత్తబుట్ట, అరలో ప్యాడ్లు పెట్టి, అడగకుండా వాడుకోవచ్చని ఆ అమ్మాయిలకు టీచరే చెప్పారు. ఆ మాట విన్నాక ఒకమ్మాయి ఏడ్చేసిందట. ఆ పిల్ల అన్ని రోజులు ఎంత బరువు మోసిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఏడాది చివర్లో మూడో తరగతికి కొత్త టీచర్ వచ్చారు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు, బిళ్లలు తీసి బీరువాలో పెట్టేశారు. రెండు వారాల్లో ఆ తరగతి బాటిళ్లు మళ్లీ నిండుగా వెళ్లడం మొదలైంది. ఇప్పుడు కొత్తగా చేరే టీచర్‌కు మొదటి రోజు చెప్పే విషయాల్లో బిళ్లలు కూడా ఉన్నాయి.

నా ఫారం కూడా మార్చుకున్నాను. 'మరుగుదొడ్లు ఎన్ని' అన్న గడి తర్వాత, బ్రేక్ సమయంలో ఎన్ని తెరిచి ఉన్నాయి, గడియ ఆరేళ్ల పిల్లకు అందుతుందా, మధ్యాహ్నం తర్వాత నీళ్లున్నాయా అని మూడు గడులు చేర్చాను. అవి నింపాలంటే బ్రేక్‌లోనూ, మధ్యాహ్నం తర్వాతా అక్కడ ఉండక తప్పదు. శుభ్రం చేసే మనిషితో విడిగా అరగంట మాట్లాడకుండా ఇప్పుడు ఏ బడి రిపోర్టూ రాయడం లేదు.

చివరిసారి వెళ్లింది పెద్ద సెలవులకు ముందు రోజు. ఆయమ్మ చెబుతుంటే నేను ఒక కాగితం మీద రాసి తాళంచెవుల కొక్కెం పక్కన అంటించాను: "బడి తెరిచే ముందు రోజు తాళాలు తీసి, ఒక్కోదాంట్లో రెండు మగ్గుల నీళ్లు పోయాలి. గడియలకు నూనె రాయాలి. చిన్న బకెట్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి." రాసింది చదివి వినిపించమంది. విన్నాక, "చిన్న మగ్గు కూడా రాయమ్మా, అదే పోతుంటుంది" అంది. రాశాను.